పదమూడో సీసా

తాగునీళ్ళు పరీక్షించడానికి మా ఊళ్ళో పన్నెండు చోట్ల నీళ్ళు పట్టాను. తీసుకెళ్ళిన సీసాలు మాత్రం పదమూడు. ఆ పదమూడో సీసా గురించి రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను. మొన్న ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలకి శాంపిల్ పట్టడం నేర్పిస్తుంటే ఒకమ్మాయి అడిగింది: "అక్కా, ఇందులో మన ల్యాబ్ డిస్టిల్డ్ వాటరే కదా, దీన్ని ఊరి దాకా మోసుకెళ్ళి మళ్ళీ తేవడం ఎందుకు?" రెండేళ్ళ కిందట మా మేడమ్‌ని నేనూ ఇదే అడిగాను. ఆవిడ చెప్పింది విని తలూపాను కానీ బుర్రకెక్కించుకోలేదు. ఆ పిల్లకి మా ఊళ్ళో జరిగిందంతా చెప్పాను. ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

మాది ఆమదాలవలస దాటాక నాగావళి ఒడ్డున ఒక పల్లె. నాన్నది వ్యవసాయం. మైక్రోబయాలజీ అంటే ఏంటని నాన్న అడిగితే "కంటికి కనపడని పురుగుల చదువు" అన్నాను. "మరి కనపడకపోతే ఎలా చదువుతారమ్మా?" అన్నారు. మంచి ప్రశ్న. దానికి జవాబు నేర్చుకోవడానికే నాకు ఎమ్మెస్సీ మొత్తం పట్టింది. కనపడని దాన్ని ఏదో ఒక గుర్తు ద్వారా పట్టుకోవాలి. రంగు మారడం, బుడగ రావడం, ప్లేటు మీద మచ్చ పడటం. ఆ గుర్తు నిజంగా దాని వల్లే వచ్చిందా, మన చెయ్యి వల్ల వచ్చిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

మొదటి నెలంతా గాజుసామాను కడగడం, దూది బిరడాలు చుట్టడం, పిపెట్ పట్టడం, అంతే. అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు పిల్లలకి నేనూ అదే చేయిస్తున్నాను. దూది బిరడా చుట్టడం చూడటానికి తేలిక. బిరడా పట్టుకుని గొట్టాన్ని పైకెత్తితే జారకూడదు. లాగితే టప్పుమని చిన్న చప్పుడుతో ఊడి రావాలి. ఆ చప్పుడు రాకపోతే విప్పి మళ్ళీ చుట్టమనేవారు మేడమ్. వదులుగా ఉంటే గాలిలో ఉన్న బూజు లోపలికి దిగుతుంది, మరీ బిగిస్తే ఆవిరి సరిగ్గా ఆడదు. నా వేళ్ళకి ఆ బిగువు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

నోట్‌బుక్ విషయంలో ఆవిడ ఇంకా గట్టి. పెన్నుతోనే రాయాలి. తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన తేదీ, పొట్టి సంతకం. కింద ఏం రాశామో కనపడాలి. పేజీ చింపడం, వైట్‌నర్ పూయడం కుదరదు. ఒకసారి ఆల్బర్ట్ షాట్జ్ సంగతి చెప్పారు. 1943లో అమెరికాలో రట్గర్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు, 23 ఏళ్ళు. మట్టిలో ఉండే యాక్టినోమైసీట్స్ అనే బ్యాక్టీరియా నుంచి స్ట్రెప్టోమైసిన్‌ని బయటికి తీశాడు. క్షయ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అది. పేరు గైడు వాక్స్‌మన్‌కి వెళ్ళిపోతుంటే కోర్టుకెక్కి, తానూ కనిపెట్టినవాణ్ణేనని ఒప్పించుకున్నాడు. అయినా 1952లో నోబెల్ వాక్స్‌మన్ ఒక్కడికే ఇచ్చారు. స్టూడెంట్ నోట్‌బుక్ అంటే చిన్న వస్తువు కాదని మేడమ్ ఉద్దేశం. నా పక్క బెంచీలో పలాస అమ్మాయి ఉండేది. వాళ్ళ జీడితోట మట్టి తెచ్చి అదే యాక్టినోమైసీట్స్ పెంచేది. ఏడెనిమిది రోజులకి ప్లేటు మీద సుద్దపొడి అద్దినట్టు కాలనీలు లేచేవి. మూత తీస్తే తొలకరి వాన వాసన. ఆ వాసనకి కారణం జియోస్మిన్ అనే పదార్థం. వానకి తడిసిన నేల నుంచి వచ్చేదీ, ఆ ప్లేటులోంచి వచ్చేదీ ఒకటే. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు రీసెర్చి నడిపిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ కూడా ఇలాంటి మట్టి జీవి ఇచ్చిన మందే. ఆ అమ్మాయి ప్లేట్ల దొంతరలో కూడా ఎప్పుడూ ఒక ప్లేటు ఏమీ పూయకుండా ఉండేది. అందులో ఏదైనా లేచిందంటే మిగతావన్నీ పారేయడమే.

నా ప్రాజెక్టు మా ఊరి తాగునీరు. అయిదు నూతులు, ఆరు బోరింగులు, ఒక ట్యాంకు కుళాయి. వానలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడాలి. శాంపిల్ పట్టడం కూడా నేర్చుకోవాల్సిన పనే. కుళాయి మూతిని స్పిరిట్ దూదితో కాల్చి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలేసి అప్పుడు పట్టాలి. బోరింగుని కాసేపు కొట్టి పైపులో నిలవ నీళ్ళు పోనివ్వాలి. నూతిలోకి రాయి కట్టిన సీసాని దించేటప్పుడు గోడకి తగలనీయకూడదు. ట్యాంకు కుళాయి సీసాలో ముందుగానే సోడియం థయోసల్ఫేట్ వేసి స్టెరిలైజ్ చేసుకోవాలి. లేకపోతే నీళ్ళలో ఉన్న క్లోరిన్ దారి పొడవునా పనిచేస్తూ, కుళాయి దగ్గర బతికున్న బ్యాక్టీరియాని ల్యాబ్‌కి చేరేలోపు చంపేస్తుంది. చెడ్డ నీళ్ళు మంచివిగా కనిపిస్తాయి. పట్టిన సీసాలని ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలన్నది మా లెక్క. పదమూడో సీసాలో స్టెరిలైజ్ చేసిన డిస్టిల్డ్ వాటర్. ఊళ్ళో ఒకసారి మూత తీసి, మూసి, మిగతావాటితో పాటే తిరిగి తేవాలి. దాన్నే బ్లాంక్ అంటాం.

రోహిణి కార్తె. పొద్దున్నే అయిదింటికి మొదలుపెట్టినా ఏడు దాటేసరికి ఎండ మండిపోతోంది. థర్మాకోల్ పెట్టెలో ఐసు చాల్లేదు. దారిలో చేపలమ్మే చోట ఇంకో రెండు కిలోలు కొట్టించి పైన పోశాను. బస్సులో పెట్టె నా ఒళ్ళోనే. ల్యాబ్‌కి వచ్చేసరికి సగం కరిగి సీసాలు నీళ్ళలో తేలుతున్నాయి. కొన్ని పక్కకి ఒరిగాయి. తుడిచి బెంచీ మీద పెట్టేశాను. ఆ తేలడం గురించి నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాయలేదు.

పరీక్ష పేరు ఎంపీఎన్. ఎన్ని గొట్టాలు మారాయో చూసి, ఒక పట్టిక ప్రకారం నీళ్ళలో ఎంత బ్యాక్టీరియా ఉందో అంచనా కడతాం. ఒక్కో శాంపిల్‌కి 15 గొట్టాలు: అయిదింటిలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, అయిదింటిలో 1, అయిదింటిలో 0.1. పదమూడు సీసాలకి 195 గొట్టాలు. లోపల ఊదారంగు మెకాంకీ ద్రవం, అందులో బోర్లించిన చిన్న డర్హమ్ ట్యూబు. అది అగ్గిపుల్లకన్నా పొట్టి, పెన్సిలంత లావు. మలం కలిసిందేమోనని అనుమానించడానికి గుర్తుగా చూసే కోలిఫార్మ్ బ్యాక్టీరియా ఉంటే, ఆ ద్రవంలోని లాక్టోజ్ అనే చక్కెరని తిని ఆమ్లం, గ్యాసు వదులుతాయి. ఊదా పసుపవుతుంది, బోర్లించిన ట్యూబు కొనలో బుడగ నిలుస్తుంది.

మర్నాడు ఇంక్యుబేటర్ తెరిస్తే ర్యాకులన్నీ పసుపు. బడి దగ్గర బోరింగు గొట్టాల్లో కూడా బుడగలు! ఆ బోరింగు లోతైనది, గట్టు శుభ్రంగా ఉంటుంది, ఊళ్ళో సగం మంది దాని నీళ్ళే తాగుతారు. నాకు గుండె దడదడలాడింది. 48 గంటలు ఆగాలని తెలుసు, ఇంకా నిర్ధారణ పరీక్ష ఉందని తెలుసు. అయినా మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేశాను. "బడి దగ్గర బోరింగు నీళ్ళు తాగకండి. వీధిలో కూడా చెప్పు" అన్నాను.

రెండో రోజు మేడమ్ వచ్చి ర్యాకుల వైపు చూడకుండానే అడిగారు: "బ్లాంక్ ఎలా ఉంది?"

చివరి ర్యాకు. నేను దాన్ని తీసి చూడనేలేదు. 10 మిల్లీలీటర్ల గొట్టాలు అయిదింటిలో నాలుగు పసుపు. ఒకదాంట్లో బుడగ ఆవగింజంత, ఇంకోదాంట్లో కందిగింజంత. స్టెరైల్ నీళ్ళలోంచి బుడగ రాకూడదు. వచ్చిందంటే ఆ రోజు నేను పట్టిన పన్నెండు శాంపిళ్ళ గురించి నేనేమీ చెప్పలేను. మంచివనీ చెప్పలేను, చెడ్డవనీ చెప్పలేను. గొట్టం పట్టుకున్న చెయ్యి చెమటపట్టింది. అమ్మకి చేసిన ఫోన్ గుర్తొచ్చింది.

సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాను. అమ్మ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అదేటమ్మా, నిన్న సెడ్డవన్నావు, నేడు తెలీదంటన్నావు. ఊరోలకి నానేటి సెప్పాల?" అసలు బాధ ఆ తర్వాతి మాటతో మొదలైంది. బోరింగు మానేసి వీధి వీధంతా రావిచెట్టు నూతికి వెళ్తున్నారట. ఆ నుయ్యి నాకు బాగా తెలుసు. గట్టు పగిలి ఉంది, పది అడుగుల దూరంలో గత్తం (పేడ, పెంట) కుప్ప, పక్కనే పశువులని కడుగుతారు. పరీక్ష చెయ్యకుండానే చెప్పొచ్చు, ఊళ్ళో అన్నిటికన్నా అనుమానించాల్సిన నీళ్ళు అవే. నేను తొందరపడి చెప్పిన మాటకి జనం అక్కడికి వెళ్ళారు.

మేడమ్ కేకలేయలేదు. "ఫోన్లో కాదు, నువ్వు వెళ్ళి చెప్పు. వెళ్ళే ముందు ఎక్కడ తప్పిందో వెతుకు" అన్నారు.

మూడు రోజులు వెతికాను. ముందు ఆటోక్లేవ్‌ని, అంటే సీసాలని ఆవిరితో స్టెరిలైజ్ చేసే ప్రెషర్ కుక్కర్ లాంటి దాన్ని, అనుమానించాను. అదే రోజు స్టెరిలైజ్ చేసి ల్యాబ్‌లోనే ఉంచిన సీసాలోని నీళ్ళతో గొట్టాలు పెట్టాను, ఊదా ఊదాగానే ఉంది. పిపెట్లు, అవీ బాగానే ఉన్నాయి. అంటే తప్పు ల్యాబ్ బయట జరిగింది. చేపల దగ్గర కొన్న ఐసు ఆ రాత్రి గుర్తొచ్చింది. పొద్దున్నే వెళ్ళి అదే ఐసు కొని, స్టెరైల్ బీకరులో కరిగించి, ఆ నీళ్ళకి ఎంపీఎన్ పెట్టాను. 15 గొట్టాలకి 15 పసుపు, అన్నిటిలో బుడగలు. ఆ ఐసు తాగడానికి చేసింది కాదు, చేపలు పాడవకుండా ఉండటానికి చేసింది. దాని మీద నింద లేదు. అది కరిగిన నీళ్ళలో నా సీసాలు తేలాయి, మూతల సందుల్లోంచి ఆ నీళ్ళు లోపలికి దిగాయి. బ్లాంక్ లేకపోతే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. "మా ఊళ్ళో పన్నెండుకి పన్నెండూ కలుషితం" అని ప్రాజెక్టు రిపోర్టు రాసి, బైండింగ్ చేయించి, మార్కులు తెచ్చుకుని ఉండేదాన్ని.

ఆదివారం ఊరెళ్ళాను. రామకోవెల అరుగు దగ్గర ఇరవై మంది దాకా ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నా పరీక్షలో తప్పు దొర్లింది, బోరింగు నీళ్ళు చెడ్డవని నా దగ్గర రుజువు లేదు, మళ్ళీ పరీక్ష అయ్యేదాకా ఏ నీళ్ళయినా మరగబెట్టి తాగండి, రావిచెట్టు నూతి నీళ్ళు మాత్రం తాగడానికి వాడొద్దు అన్నాను. ఎవరూ తిట్టలేదు. "సీసా మూతలో నీలు దిగితే అంతేనేటి?" అని ఒక పెద్దమ్మ ఆశ్చర్యపోయింది.

వెనకాల కూర్చున్న తాత ఒకాయన అడిగాడు: "కిడ్నీ జబ్బు ఈ నీల వల్లేనేటమ్మా? మా పిల్లనిచ్చింది కవిటి. అల్లుడికి డయాలిసిస్." కవిటి ఉద్దానంలోది, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం అది. మా జిల్లాలో నీళ్ళ మాటెత్తితే ఉద్దానం మాట రాకుండా ఉండదు. నా గొట్టాలు చెప్పేది మలం కలిసిందా లేదా అన్నదొక్కటే అని చెప్పాను. దాంతో విరేచనాలు, టైఫాయిడ్, కామెర్ల లాంటివి వస్తాయా అన్నది అంచనా వేయగలం. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో ఉద్దానానికి తెచ్చారు, 2023లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, వెతుకులాట మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. తాత ఇంకేం అడగలేదు. ఆయనకి అంతకంటే చెప్పలేకపోవడం చాలా కష్టంగా అనిపించింది. కానీ అప్పటికే ఒకసారి తెలియంది తెలిసినట్టు చెప్పి ఉన్నాను.

రెండోసారి శాంపిళ్ళకి విడి ఐసు వాడలేదు. నీళ్ళ బాటిళ్ళని గడ్డకట్టించి మూతలు బిగించి పెట్టెలో సర్దాను. ఒక్కో సీసాని జిప్ కవర్లో పెట్టి నిలబెట్టి, మధ్యలో థర్మాకోల్ ముక్కలు దోపాను. 48 గంటల తర్వాత ముందు తీసింది చివరి ర్యాకే. పదిహేనుకి పదిహేను ఊదా. అప్పుడు ఊపిరి పీల్చుకుని మిగతావి చూశాను.

బడి దగ్గర బోరింగు: ఒక్క గొట్టం కూడా మారలేదు. రావిచెట్టు నుయ్యి: 5-5-5, అంటే మూడు కొలతల్లోనూ అయిదుకి అయిదు గొట్టాలూ మారాయి. పట్టిక ప్రకారం 100 మిల్లీలీటర్లలో 1600 లేదా అంతకన్నా ఎక్కువ. ఈ పట్టికలో అంతకు మించి పైకి లెక్కే లేదు. పసుపు గొట్టాల నుంచి కాస్త తీసి, ఈఎంబీ అనే మేత పోసిన ప్లేట్ల మీద గీశాను. మర్నాడు ఆ కాలనీలు దీపం వెలుగులో ఆకుపచ్చ లోహపు మెరుపు చూపించాయి. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరిగే జీరంగి రెక్క మీద ఉంటుందే, సరిగ్గా ఆ మెరుపు. మలంలో ఉండే ఈ. కోలై బ్యాక్టీరియా గుర్తు అది. 44.5 డిగ్రీల దగ్గర కూడా గ్యాసు వదిలి నిర్ధారణ అయింది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ. కోలై కూడా కనపడకూడదు.

ఈసారి కాగితం పట్టుకుని వెళ్ళాను. నూతికి బ్లీచింగ్ వేద్దామన్నారు కుర్రాళ్ళు. అంతకు ముందు ఎవరికి తోచినంత వాళ్ళు గుప్పిళ్ళతో వేసేవారు, వాసన భరించలేక నాలుగు రోజులు ఎవరూ తాగేవారు కాదు. ఆ రోజు తాడుతో కొలిచాం. వెడల్పు 3 మీటర్లు, నీళ్ళ లోతు 2 మీటర్లు. వెడల్పుని దానితోనే హెచ్చించి, లోతుతో, 3.14తో హెచ్చించి, నాలుగుతో భాగిస్తే 14 ఘనపు మీటర్ల పైచిలుకు, అంటే 14 వేల లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల లెక్కన 35 గ్రాములు. బకెట్‌లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుగున దిగాక పై తేట మాత్రం వేరే బకెట్‌లోకి వంచి, దాన్ని నూతిలోకి దించి తాడుని కుదుపుతూ కలిపాం. గంట తర్వాత లీటరుకి అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి. మొదటిసారి మిగల్లేదు. నూతిలో అంత మురికి ఉంది మరి. ఇంకొంచెం వేసి మళ్ళీ చూశాం.

బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకి హెచ్2ఎస్ సీసాలు ఇచ్చాను. 1982లో మన దేశంలోనే మంజా, మౌర్య, రావు అనే శాస్త్రవేత్తలు ముగ్గురు రూపొందించిన పరీక్ష అది. మందు పట్టించిన కాగితం ఉన్న చిన్న సీసాలో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు వదిలేస్తే, మలం కలిసిన నీళ్ళయితే సాధారణంగా నల్లబడతాయి. ఇంక్యుబేటర్ అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు. ఒక సీసాలో మాత్రం మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు పోయించాను. "ఇదెందుకు అక్కా?" అన్నారు. ఐసు కథ చెప్పాను. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి కిట్లతో నీళ్ళు పరీక్షించడం నేర్పించాలని ఉంది. మా ఊళ్ళో ఆ అయిదుగురిలో అమ్మ చేరింది. అమ్మ చదివింది అయిదో తరగతి. కానీ తేదీ, టైము, ఏ బోరింగు అన్నది డైరీలో తప్పకుండా రాస్తుంది. తప్పయితే ఒక్క గీత కొడుతుంది.

నిరుడు వానల తర్వాత రావిచెట్టు నుయ్యి 5-3-1 వచ్చింది, అంటే 110. 1600 నుంచి దిగింది కానీ అది తాగే నీళ్ళ అంకె కాదు. బ్లీచింగ్ ఆగిన వారానికే మళ్ళీ పెరుగుతోంది. గట్టు పగులు పూడ్చారు. గత్తం కుప్ప మాత్రం అక్కడే ఉంది. అది ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి జాగా, ఎవరి కుప్ప ఎక్కడికి జరపాలో తేలట్లేదు. నాన్న వాళ్ళతో మాట్లాడుతున్నారు.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను, ఆ ప్రశ్న అడిగిన అమ్మాయిని తీసుకుని. తనే కడిగి, తనే బిరడాలు బిగించి, లేబుళ్ళు రాసిన పదమూడు సీసాలు ఇప్పుడు ఆటోక్లేవ్‌లో ఉన్నాయి. ప్రెషరు సూది సున్నాకి దిగేదాకా మూత తీయకూడదు. ఇద్దరం స్టూళ్ళు వేసుకుని దాని ముందు కూర్చున్నాం.